పెట్టెలో వచ్చిన పడవ

కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న చెక్క పడవ మీద ఇద్దరికి వాదన పడింది. ఒకాయన హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాడు. ఊళ్ళో అందరికీ ఆయన అయివారు. విదేశీ కంపెనీలు పెట్టెల్లో అమ్మే చెక్కముక్కలు తెప్పించుకుని నమూనా పడవలు కడతాడు. రెండో ఆయన తాతల నాటి నుంచి వడ్రంగం చేసే ఇంట పుట్టిన ఆచారి. ఎద్దుల బండ్లు కట్టిన చేతులు ఇప్పుడు ప్లైవుడ్డు అల్మారాలకి సన్‌మైకా అంటిస్తున్నాయి. ఆ మంట కూడా ఆయన మాటల్లో ఉంది, దాన్ని తీసేసి రాస్తే వాదనలో సగం పోతుంది. ఊరుకోలేని చోట బ్రాకెట్లలో నేనూ తలదూర్చాను.

ఆచారి: తప్పుగా అనుకోవద్దు అయివారూ. ఎండాకాలమొస్తే బిందెడు నీళ్ళకి ట్యాంకరు కాడ కొట్లాడుకునే సీమ మనది. మీరేమో పడవ కడతాండారు. కట్టి యాడ తేలిస్తారు?

అయివారు: తేల్చడానికి కాదు ఆచారీ, చూసుకోవడానికి.

ఆచారి: బండి కట్టినామంటే ఎద్దుల్ని పూన్చి పొలిమేర దాకా తోలి చూసేవాళ్ళం. మంచం చేస్తే పండుకొని చూస్తాం. తేలనిది పడవెట్లయితాది సామీ? బొమ్మ అనండి, ఒప్పుకుంటా.

అయివారు: బొమ్మే అను. దేని బొమ్మో విను. 1789లో బౌంటీ అనే ఇంగ్లీషు ఓడలో నావికులు తిరగబడ్డారు. కెప్టెన్ బ్లైని, ఆయన పక్షాన ఉన్న 18 మందిని ఇరవై మూడడుగుల పడవలోకి దించి సముద్రం మధ్యలో వదిలేశారు. ఆ పడవతోనే ఆయన 3,600 నాటికల్ మైళ్ళు పైగా పోయి తిమోర్ దీవి చేరుకున్నాడు. ఇది ఆ పడవే.

ఆచారి: కథ బాగుండాది. పెట్టెలో ఏమేముంటాయి చెప్పండి. నాకు కథ కన్నా అది కావాల.

అయివారు: పలచని ప్లైవుడ్డు పలక ఉంటుంది. దాంట్లో వెన్నుకర్ర, అడ్డపలకలు లేజరుతో కోసి ఉంటాయి, వేలితో నొక్కితే ఊడొస్తాయి. వెన్నుకర్రకి గాళ్ళు ఉంటాయి, అడ్డపలకలు వాటిల్లో దిగుతాయి. అప్పటికి అది చేప ముల్లులాగా కనపడుతుంది. దాని మీద సన్నని పట్టీలు ఒకటి పక్కన ఒకటి అంటించుకుంటూ పోతే ఒళ్ళు వస్తుంది. కొన్ని కిట్లలో పట్టీలు రెండు పొరలు. లోపల లైమ్ అనే మెత్తని తెల్లకర్ర, పైన వాల్‌నట్ రేకు. ఇంకా నూలుదారం, ఇత్తడి మేకులు, ప్లాను కాగితాలు. స్పెయిన్, ఇటలీ, డెన్మార్క్, అమెరికా కంపెనీలు చేస్తాయి. చిన్నవి వేలల్లో దొరుకుతాయి. విక్టరీ లాంటి యుద్ధనౌకల కిట్టు తెప్పించాలంటే లక్ష దాకా పోతుంది. కట్టాక నాలుగడుగులు దాటి, బల్లంతా అదే ఉంటుంది.

ఆచారి: రెండు పొరలా? లోపల ఒక కర్ర, పైన ఇంకో కర్ర రేకు! అదే నేను తలుపుకి చేస్తే, ఆచారి మోసం చేసినాడు, లోపలంతా చెత్త కర్ర, పైన టేకు రేకు అంటించినాడని ఊరంతా చెప్తారు. స్పెయినోడు చేస్తే అది కళ.

అయివారు: నువ్వు టేకు డబ్బులు తీసుకుని రేకు అంటిస్తే మోసం. వాళ్ళు పెట్టె మీదే రాస్తారు.

ఆచారి: సరే, మోసం కాదనుకుందాం. గీసింది వాళ్ళు, కోసింది వాళ్ళు, గాడి తీసింది వాళ్ళు. మీరు ఫెవికాల్ పూసి కూర్చినారు. మా కొట్లో పిల్లోడు మొదటి నెల చేసే పని ఇది. దానికి మీరు మేస్త్రీ అనిపించుకుంటాండారు, అదీ నా బాధ.

అయివారు: మేస్త్రీనని నేనెప్పుడూ అనలేదు. కానీ కూర్చడమే అంటే ఒప్పుకోను. ఇట్లా రా, ఈ పట్టీ పట్టుకో. పెట్టెలో వచ్చిన పట్టీలన్నీ మొదలు నుంచి చివర దాకా ఒకే వెడల్పు. పడవ ఒళ్ళు అట్లా ఉండదు. నడుము దగ్గర, పైఅంచు నుంచి వెన్ను దాకా టేపు ఆనించి కొలిస్తే ఆరంగుళాలు వచ్చిందనుకో, ముక్కు దగ్గర నాలుగే వస్తుంది. నడుము దగ్గర ఎన్ని పట్టీలు పట్టాయో ముక్కు దగ్గరా అన్నే పట్టాలి. అంటే ప్రతి పట్టీ ముక్కు వైపు మూడింట రెండు వంతులకి సన్నబడాలి. వెనక భాగంలో దీనికి తలకిందులు. అక్కడ ఒళ్ళు విచ్చుకుంటుంది, పట్టీ చాలదు, మధ్యలో ఒక కొన సన్నగా కోసిన ముక్క దూర్చాలి. ఇదంతా ఏ లేజరూ చెయ్యలేదు. కత్తి, కొలబద్ద, నా కళ్ళు.

ఆచారి: ఊఁ.

అయివారు: ఇంకొకటి. అడ్డపలకల అంచులు మిషను నిట్టనిలువుగా కోస్తుంది. ముక్కు దగ్గర పట్టీ ఏటవాలుగా వస్తుంది గదా, ఆ అంచు మీద ఒక మూలే ఆనుతుంది. పట్టీ మొత్తం ఆనేట్టు ప్రతి అడ్డపలక అంచునీ వాలుగా చెక్కాలి. ఎంత వాలో ప్లానులో రాయరు. సన్నని పట్టీ ఒకటి వంచి, అన్ని పలకల మీదా ఆనించి, వెలుతురు ఎక్కడ దూరుతోందో చూసుకుంటూ ఆకురాయితో అరగదీయాలి.

ఆచారి: అది పనే. కాదనను. వెలుతురు పట్టి చూసేది మాకూ ఉండాది, తలుపు చట్రానికి. ఈ మాట ముందు చెప్పుంటే నేను పిల్లోడి పని అనుండను. పిల్లోడు రెండో ఏడు చేసే పని అందును.

(అయివారు నవ్వేశాడు. నాకైతే ఇక్కడ ఆయనే గెలిచినట్టు అనిపించింది. కిట్టు కట్టేవాళ్ళని తక్కువగా చూసేవాళ్ళు పట్టీలు సన్నబరిచే పనిని చూసి ఉండరు. కానీ ఆచారి అప్పుడే వంపు దగ్గరికి వచ్చాడు. అక్కడ ఆయనకి ఎదురు లేదు.)

ఆచారి: ఈ పట్టీని ముక్కు కాడ ఇట్ల ఎట్ల వంచినారు?

అయివారు: నీళ్ళలో నానబెట్టి, వేడి చేసి వంచాను. దీనికోసం సన్నని ఇస్త్రీపెట్టెలు కూడా అమ్ముతారు.

ఆచారి: మేము కర్రని బలవంతంగా వంచం సామీ. వంగిన కర్రని వెతుక్కుంటాం. బండిచక్రం చూసినారు గదా, చుట్టూ గుండ్రం. అది ఒక్క కర్రని వంచి చేసింది కాదు. వంపు తిరిగిన తుమ్మకొమ్మలు ఏరుకొచ్చి, వంపుతోపాటు ముక్కలు కోసి, ఒకదాన్నొకటి పట్టేట్టు చేసి, ఆకులు దిగేసి, మీద ఎర్రగా కాల్చిన ఇనపకట్టు ఎక్కించి నీళ్ళు పోస్తే, కట్టు బిగుసుకొని చక్రాన్ని పట్టుకుంటాది. నారగీత వంపు వెంబడి పోతేనే కర్ర బలం. గీతకి అడ్డం కోస్తే మొదటి గుంతలో పుటుక్కుమంటాది. మీ పెట్టెలోని అడ్డపలక ఏమి? ప్లైవుడ్డు. దానికి గీతా లేదు, వంపూ లేదు. అది పడవ ఎముక కాదు, అట్టముక్క.

అయివారు: నువ్వు చెప్పిందాన్నే ఓడలు కట్టిన మేస్త్రీలూ చెప్పారు ఆచారీ. ఇంగ్లండులో ఓక్ చెట్టుని అడవిలో నిటారుగా పెరిగింది కాకుండా, విడిగా మైదానంలో కొమ్మలు చాచి వంకరగా పెరిగినదాన్ని వెతికేవాళ్ళు. ఓడ లోపలి పక్కటెముకలకి, మూలల్లో పెట్టే మోకాలు చెక్కలకి ఆ వంకర కర్రే కావాలి. అది దొరక్కే వాళ్ళకి కష్టం వచ్చింది. అప్పుడు మన దేశంలో కట్టించుకున్నారు. బొంబాయిలో వాడియా వంశపు పార్సీ మేస్త్రీలు మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక 1817లో నీళ్ళలోకి దిగింది. ఇప్పటికీ ఇంగ్లండులో హార్ట్‌లీపూల్ రేవులో తేలుతూనే ఉంది.

ఆచారి: రెండొందల ఏండ్ల టేకు!

అయివారు: రెండొందల ఏండ్ల టేకే.

ఆచారి: అయితే మీరు నా పక్కే మాట్లాడతాండారు. అసలైన పడవలో వంకర కర్ర ఉంటాది, మీ దాంట్లో లేదు. బయటికి చూస్తే పడవ, లోపల చూస్తే అట్టపెట్టె. పైన పట్టీలు కప్పేసినారు కాబట్టి ఎవురికీ కనపడదు.

అయివారు: అదొప్పుకుంటాను. అడ్డపలకల మీద పట్టీలు కట్టే పద్ధతి కిట్టు అమ్మేవాళ్ళ సౌకర్యం కోసం పుట్టింది. అసలు ఓడని అట్లా కట్టరు. ఎముకలన్నీ విడివిడిగా చేసి కట్టే నమూనాలూ ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు నౌకాదళంలో చేసిన నమూనాలకి ఒళ్ళంతా పట్టీలు వెయ్యకుండా ఎముకలు కనపడేట్టు కింది భాగం వదిలేసేవాళ్ళు. అవి ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. అంత పనికి నా చెయ్యి చాలదు.

ఆచారి: చెయ్యి చాలక కాదు. పెట్టెలో రాదని చెయ్యరు. ఇదిగో, ఇక్కడ పట్టీకీ పట్టీకీ మధ్య సందు వచ్చిందే.

అయివారు: అంటించినప్పుడు లేదు. వేసవిలో వచ్చింది.

ఆచారి: రాక ఏం చేస్తాది? ఆ కర్ర యాడ పుట్టింది, యాడ కోసినారు, ఓడలో ఎన్నాళ్ళు ఉండాది? సముద్రపు గాలి తాగి ఉబ్బి వచ్చింటాది. కర్నూలు ఎండల్లో గాలిలో తడే ఉండదు. తాగిన నీళ్ళన్నీ కక్కి సన్నబడింది. పొడవులో తగ్గదు, అడ్డంలో తగ్గుతాది. ఆ లెక్కన మీ పట్టీ ఒక్కోటి వెంట్రుకవాసి తగ్గినా పక్కపక్కన పేర్చినప్పుడు సందు కనపడుతాది. మేము మొద్దు కోయించినాక పలకల మధ్యన సన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేట్టు నీడలో దొంతర పేరుస్తాం. ఊరి గాలికి అలవాటు పడినాకే ఉలి పెట్టేది. మీరు పెట్టె విప్పిన రోజే జిగురు పూసింటారు.

అయివారు: పెట్టె విప్పి పట్టీలు గదిలో వదిలేస్తే చాలంటావా?

ఆచారి: కొన్ని వారాలు వదిలెయ్యండి. అదీ మే నెలలో. ఎండలు ముదిరినప్పుడు ఎండి సన్నబడిన కర్రతో కడితే, వానాకాలంలో ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాది, సందు రాదు. ఇంకోటి, లోపల ఏమన్నా పూసినారా?

అయివారు: లోపలెందుకు? కనపడదు గదా.

ఆచారి: అదే తప్పు. బయట మాత్రం వార్నీషు పెడితే, లోపలి పక్క నుంచి కర్ర గాలి పీలుస్తానే ఉంటాది. ఒకపక్క మూసి ఒకపక్క తెరిస్తే ఒంకర తిరుగుతాది. తలుపుకి రెండు పక్కలా పాలిష్ ఎందుకు పెడతామనుకుంటాండారు? చూసేవాళ్ళ కోసం కాదు.

(ఈ రెండు సంగతులు, ముందు పట్టీలని ఇంటి గాలికి వదలడం, లోపల కూడా ఒక పూత పెట్టడం, కిట్టుతో వచ్చే పుస్తకాల్లో తేమ దేశాల వాళ్ళు అంతగా పట్టించుకోరు. రాయలసీమలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఇవి రాసుకోవాలి.)

అయివారు: సరే, నీళ్ళ సంగతికి వస్తా. నువ్వు మొదట్లో నీళ్ళు లేని సీమలో పడవ యాడ తేలుస్తారన్నావు. నెపోలియన్ యుద్ధాల్లో దొరికిపోయిన ఫ్రెంచి సైనికులు ఇంగ్లండులో నార్మన్ క్రాస్ లాంటి జైళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్నారు. కూటిలో వచ్చిన మాంసం ఎముకలు దాచుకుని, ఉడకబెట్టి తెల్లగా చేసి, సన్నగా చెక్కి వాటితో యుద్ధనౌకలు కట్టారు. జైలు గేటు దగ్గర అంగట్లో అమ్మారు. ఆ జైలు ఊరు సముద్రపొడ్డున లేదు.

ఆచారి: వాళ్ళకి పెట్టె ఎవురూ పంపలేదు గదా! ఎముకలు ఏరుకున్నారు. అది నా వాదన సామీ, మీది కాదు.

అయివారు: (కాసేపు ఆగి) అది నీ వాదనే. కానీ ఈ సీమలో నీళ్ళే లేవు, పడవలే లేవు అనేమాట మాత్రం నిలవదు. 1520ల్లో విజయనగరానికి వచ్చిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసువాడు తుంగభద్ర దాటే గుండ్రని పుట్టి గురించి రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, గుర్రాలూ ఎద్దులూ కూడా దాటతాయి అని. అదే తుంగభద్ర మన ఊరి పక్క నుంచి పోతోంది. పుట్టి ఇంకా ఉంది, తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది.

ఆచారి: పుట్టి చేసేది వెదురు పనోళ్ళు. వడ్రంగం కాదు.

అయివారు: వడ్రంగపు పడవలే కావాలా? కె.సి. కాలువ, అదే కర్నూలు-కడప కాలువ, ఎందుకు తవ్వారో తెలుసా?

ఆచారి: పైరుకి. నంద్యాల పక్క వరి అంతా దాని మీదే గదా.

అయివారు: పైరుకి, పడవలకి. రెండూ. ఆర్థర్ కాటన్ ఆలోచన అది. రైలు కన్నా కాలువ చవక, సరుకు కాలువల మీద పోవాలి అని వాదించినవాడు ఆయన. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్‌లో షేర్లు అమ్మి పెట్టారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి అయిదు శాతం వడ్డీ ప్రభుత్వం హామీ ఇచ్చింది. కర్నూలుకి పైన సుంకేసుల దగ్గర తుంగభద్రకి ఆనకట్ట కట్టి, అక్కడ నుంచి కడప దాకా 190 మైళ్ళ కాలువ. 1860ల్లో పని జరిగింది. తుంగభద్ర నీళ్ళు తీసుకెళ్ళి పెన్న పరీవాహకంలో పోసింది అది. మన ఊళ్ళో హంద్రీ నది మీద కాలువ వంతెన ఉంది గదా, కింద నది, పైన కాలువ. ఆ కాలువలోకి పడవ రావాలని కట్టించారు. నది మీద నుంచి పడవ!

ఆచారి: ఆ అక్విడక్టు కింద చిన్నప్పుడు ఈత కొట్టినాం. పైన పడవ పోయిందని నాకెవురూ చెప్పలేదు.

అయివారు: చెప్పేవాళ్ళు పోయారు. కాలువ నేల వాలుతోపాటు కిందికి దిగుతుంది గదా, అక్కడక్కడా లాకులు కట్టారు. పడవ లాకు గదిలోకి వస్తే రెండువైపులా తలుపులు మూసి, నీళ్ళు నింపో వదిలో పడవని పైకెత్తేవాళ్ళు, కిందికి దించేవాళ్ళు. కానీ వ్యాపారం నడవలేదు. నల్లరేగడి రైతులు జొన్న, పత్తి వేసుకునేవాళ్ళు, మొదట్లో నీళ్ళకి డబ్బు కట్టడానికి ఇష్టపడలేదు. కంపెనీ మునిగింది. 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు 1930ల్లో ఆగిపోయాయి. నీళ్ళు మాత్రం పారుతూనే ఉన్నాయి.

ఆచారి: ఆ పడవలు కట్టిందెవురు? కోస్తావోళ్ళా?

అయివారు: కోస్తాలో పడవ కట్టే మేస్త్రీలకి కొదవ లేదు. గోదావరి పక్కన కోరంగి, తాళ్ళరేవుల్లో సముద్రం మీద పోయే చెక్క ఓడలే కట్టారు. కోరంగిని 1839 తుపాను ముంచేసింది, తాళ్ళరేవులో ఆ తరవాత కూడా కట్టారు. ఇంకా వెనక్కి పోతే యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది, రెండో శతాబ్దం నాటిది. ఓడ తెలియని జాతి కాదు మనది.

ఆచారి: నాణెం మీద ఓడ బొమ్మ చూసి ఓడ కట్టలేం సామీ.

అయివారు: కట్టారు! నాణెం కాదు గానీ, అజంతా గుహలో అయిదో శతాబ్దపు ఓడ బొమ్మ చూసి కట్టారు. కేరళ పనివాళ్ళు చెక్కలని కొబ్బరితాళ్ళతో కుట్టి, ఇనుప మేకు లేకుండా. కౌండిన్య అని పేరు పెట్టి 2025 మేలో కార్వార్‌లో నౌకాదళంలోకి తీసుకున్నారు. ప్లాను కాగితం ఒక్కటీ లేదు. అందుకని ముందు మద్రాసు ఐఐటీలో చిన్న నమూనాని నీళ్ళలో పరీక్షించారు. ఇప్పుడు చెప్పు, నమూనా అంటే ఆటబొమ్మేనా?

ఆచారి: ఆ నమూనా నీళ్ళలో తేలింది గదా! మీదే తేలదు.

(ఇంత చదువూ ఇంత చరిత్రా చెప్పిన మనిషికి ఒక్క ముక్కలో జవాబు. అయివారు కాఫీ తెప్పించాడు.)

అయివారు: సరే, ఇప్పుడీ పడవకి పైపూత పెట్టాలి. రంగా, పాలిషా?

ఆచారి: రంగా? అంత మంచి కర్ర మీద రంగు పూస్తారా? లక్క పాలిష్ పెట్టండి. స్పిరిటులో నానబెట్టి, గుడ్డ ఉండ చేసుకొని, సన్నగా పొరల మీద పొరలు. కర్ర గీత మేలుకొని కనపడాల.

అయివారు: అసలు పడవకి ఎవరు పాలిష్ పెట్టారు ఆచారీ? నీటి కింద తెల్లని పూత పూసేవాళ్ళు, పురుగు పట్టకుండా. 1780కి విక్టరీ లాంటి ఓడల అడుగుకి రాగిరేకులు తొడిగారు. పైన తారు, రంగు. మెరిసే ఓడ ఎక్కడా లేదు. ఇంకా, ఓడని డెబ్భై రెండో వంతుకి చిన్నది చేస్తే మెరుపు చిన్నదవదు. వార్నీషు నిగనిగలాడితే నమూనా కాస్తా స్వీటుషాపు బొమ్మ అవుతుంది. మెరవని పూత పెట్టాలి.

ఆచారి: రంగు పూస్తే కింద లప్పం పెట్టి సందులన్నీ కప్పేస్తారు. అందుకే గదా రంగు మీద ప్రేమ! లక్క పెడితే దొంగతనం దాగదు. ఫెవిక్విక్ కారిన చోట పాలిష్ పట్టదు, తెల్లగా మచ్చ పడుతాది. కాగితంతో అడ్డంగా రుద్దిన గీత కూడా పాలిష్ కింద తేలుతాది. చేసినోడి చెయ్యి అంతా బయట పడుతాది. రంగు అట్లా కాదు, ఎవురి తప్పునైనా కాపాడుతాది.

అయివారు: నేను తప్పు కప్పడానికి రంగు అనలేదు.

ఆచారి: అనలేదు. కానీ సందు కూడా ఉండాది.

(ఈ తగాదాలో నేను అయివారి వైపు. నమూనా దేనిది అన్నదాన్ని బట్టి పూత. పనివాడి గర్వాన్ని బట్టి కాదు. కానీ ఆచారి చెప్పిన పరీక్ష మంచిది. రంగు వెయ్యదలచుకున్నవాళ్ళు కూడా ముందు లక్క ఒక చెయ్యి పెట్టి, మచ్చలు ఎక్కడ తేలాయో చూసుకుని, అవి గీకేసి తర్వాత రంగు వేస్తే చాలు.)

అయివారు: నేనొకటి అనుకుంటున్నా ఆచారీ. కె.సి. కాలువ పడవ కట్టాలి.

ఆచారి: దానికి పెట్టె వస్తాదా?

అయివారు: రాదు. ఏ కంపెనీ చెయ్యదు.

ఆచారి: అదీ! ఇప్పుడు మాట్లాడండి. అడుగు చదరంగా ఉంటాదా, కోసుగానా?

అయివారు: కాలువలో లోతు తక్కువ, అడుగు చదునుగానే ఉండాలి. ఎగువకి పోవాలంటే గట్టు మీద నుంచి తాడుతో లాగుతారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ. ఇరవై నాలుగో వంతు లెక్కన చేస్తే నలభై అడుగుల పడవ ఇరవై అంగుళాలు వస్తుంది.

ఆచారి: నలభై అడుగులని మీకెవురు చెప్పినారు?

అయివారు: మాటవరసకి.

ఆచారి: మాటవరస కొలతతో ఉలి పెట్టను. మీరే చెప్పినారు గదా, పడవ లాకు గదిలోకి పోయి తలుపులు మూసుకోవల్లని. అయితే పడవ వెడల్పు లాకు కన్నా తక్కువ, పొడుగూ తక్కువ. కాలువ పొంటి పోయి, మిగిలిన లాకు గోడ ఏదన్నా ఉంటే టేపు పెట్టి కొలుచుకొని రండి. హంద్రీ మీద అక్విడక్టు వెడల్పు కూడా కొలవండి. ఏది తక్కువైతే పడవ దానికన్నా తక్కువ. అది గట్టి కొలత.

అయివారు: నువ్వు కిట్టు కట్టేవాళ్ళ కన్నా గట్టి మనిషివి. కర్ర ఏది?

ఆచారి: టేకు వద్దు. చిన్న పనికి టేకు ఉలిని తినేస్తాది, నూనె కర్ర, జిగురు పట్టదు. ఏటికొప్పాక బొమ్మలోళ్ళు వాడే అంకుడు మేలు, మెత్తగా తెగుతాది, గీత సన్నం, చిన్న పడవకి పెద్ద గీత ఎబ్బెట్టుగా ఉంటాది. కొండపల్లి పొనికి ఇంకా మెత్తన గానీ మేకు నిలవదు. పైపలకలకి అంకుడు, లోపల ఎముకలకి మాత్రం తుమ్మ. వంకర కొమ్మలు నేనే ఏరిస్తా.

అయివారు: ఎముకలు కూడా విడిగా చెయ్యాలంటావా? ప్లైవుడ్డు అడ్డపలకలు కోసుకుంటే నెల్లో అయిపోతుంది.

ఆచారి: ప్లైవుడ్డు పెడితే నేను రాను.

అయివారు: పైన పలకలు కప్పేస్తాం కదా, ఎవరు చూస్తారు?

ఆచారి: అందుకే ఒక పక్క కప్పొద్దు. కుడిపక్క పలకలెయ్యండి, రంగేసుకోండి, తారు పూసుకోండి, మీ ఇష్టం. ఎడమపక్క ఎముకలు కనపడేట్టు వదిలెయ్యల్ల. ఆ పక్క లక్క పాలిష్ నాది.

అయివారు: సగం రంగు, సగం పాలిష్? చూడ్డానికి ఎట్లా ఉంటుంది?

ఆచారి: ఎట్లన్నా ఉండనీ. మొదట లాకు కొలత తెండి. దానికి ముందు నేను రంపం తీయను.